నగరమూ రోగమూ పేదవాడూ: హైదరాబాదు ప్రజారోగ్య చరిత్రలో కొన్ని ఘట్టాలు

రోగానికి కులం లేదు, వర్గం లేదు, రాజునూ కూలివాణ్ణీ ఒకేలా పడగొడుతుంది అనే మాట మన ఇళ్ళలోనూ పాఠ్యపుస్తకాల్లోనూ బాగా నలిగిపోయింది. సూక్ష్మజీవి వరకు ఆ మాట కొంత నిజమే. ఎవరి ఒంట్లో చేరుతున్నానో అడిగి అది చేరదు. కాని ఒంటిని చేరడానికి దానికొక దారి కావాలి. ఆ దారి తాగే నీటిలో వుంది, పడుకునే గదిలో వుంది, చేసే పనిలో వుంది, పని దొరకని రోజున తినే తిండిలో వుంది. 1845లో ఎంగెల్సు ఇంగ్లండు శ్రామికవర్గ స్థితిగతుల మీద రాసిన గ్రంథంలో మాంచెస్టరు మురికివాడలను చూపించి చెప్పింది ఇదే. నగరాన్ని పెంచిన శక్తులే అక్కడ రోగాన్నీ పెంచాయి.

మన దేశంలో ఈ కథ చెప్పేవాళ్ళు సాధారణంగా బొంబాయి, కలకత్తాల పేర్లు చెబుతారు. ఆ నగరాలను వలస వ్యాపారమూ మిల్లులూ పెంచాయి. హైదరాబాదు సంగతి వేరు. 1591లో పుట్టిన ఈ నగరం అసఫ్‌జాహీల కాలంలో పెరిగింది ప్రధానంగా జాగీర్ల నుంచి, దివానీ ఇలాకాల నుంచి వచ్చిన శిస్తు మీద. తెలంగాణా, మరాఠ్వాడా, కర్ణాటక పల్లెల్లో పండిన మిగులు ఇక్కడ దేవిడీలుగా, కమాన్లుగా మారింది. దాని వెనుకే ఆ దేవిడీలలో నీళ్ళు మోయడానికి, గుర్రాలకు గడ్డి కోయడానికి, రాళ్ళు కొట్టడానికి, పాకీపని చెయ్యడానికి పల్లె మనిషి కూడా వచ్చాడు. అందుచేత ఫ్యాక్టరీ గొట్టం ఇంకా లేవని నగరంలోనే ఇరుకు గుడిసెల వాడలు లేచాయి. బొంబాయి మిల్లు యజమానికి కనీసం రేపు పనిలోకి వచ్చే కార్మికుడు కావాలన్న స్వార్థం వుండేది. జాగీర్దారుకు ఆ అవసరం కూడా లేదు. ఒక నీళ్ళమనిషి చనిపోతే పల్లె నుంచి మరొకడు వస్తాడు.

ఈ నేపథ్యంలో నగర వైద్యచరిత్రను చూసినప్పుడు ఒక విషయం పదేపదే కనబడుతుంది. పేదవాడి జబ్బు ప్రభుత్వం కంట పడింది ఎక్కువగా అది పెద్దవాళ్ళ గుమ్మం తొక్కుతుందన్న భయం కలిగినప్పుడే. కలరా, ప్లేగు, మశూచి వచ్చినప్పుడు డబ్బు కదిలింది, చట్టాలు కదిలాయి, పోలీసులూ కదిలారు. అంటకుండా నెమ్మదిగా తినేసే జబ్బులకు, అంటినా గుడిసె దాటి రావని అనుకున్న జబ్బులకు, కాన్పులో పోయే తల్లులకు, పనిలో దెబ్బతినే శరీరాలకు ఆ కదలిక దక్కలేదు. నిజాం పాలన స్వర్ణయుగమని మురిసిపోయేవాళ్ళూ, అంతా చీకటేనని కొట్టిపారేసేవాళ్ళూ ఇద్దరూ ఈ తేడాను చూడరు. ఆసుపత్రులు కట్టిన మాట నిజం. నీళ్ళు తెచ్చిన మాట నిజం. అవి ఎవరి దాకా వచ్చి ఆగాయన్నది అసలు ప్రశ్న.

ఆధునిక వైద్యం ఇక్కడికి సైన్యం వెంట వచ్చింది. 1806లో సికింద్రాబాదు ఏర్పడింది. కంటోన్మెంటు అంటే బ్రిటిష్ సిపాయి ఆరోగ్యం చుట్టూ గీసిన గీత. ఆ గీత లోపల మంచినీళ్ళు, మురుగు కాలవలు, బారకుల్లో మనిషికింత చోటు అని లెక్కలు వుండేవి. గీత బయట బజారు. ఆ బజారులోని పేద స్త్రీల మీద ప్రభుత్వానికి కలిగిన మొట్టమొదటి వైద్యపరమైన శ్రద్ధ ఎలాంటిదో గుర్తుంచుకోవాలి. సిపాయిలకు సుఖవ్యాధులు అంటుతున్నాయని దేశంలోని ఇతర కంటోన్మెంట్లలో లాగే సికింద్రాబాదులోనూ లాక్ హాస్పిటల్ నడిపారు. స్త్రీల పేర్లు రిజిస్టరులో ఎక్కించి, బలవంతంగా పరీక్షలు చేసి, జబ్బు వుందంటే నయమయ్యేదాకా లోపలే వుంచేవారు. ఆమె దగ్గరకు వచ్చిన సిపాయికి ఈ నిర్బంధం లేదు. పేదల కోసం ప్రభుత్వం తెరిచిన తొలి వైద్యశాలల్లో ఒకటి తలుపుకు తాళం వున్న వైద్యశాల అయింది.

1846లో హైదరాబాదు మెడికల్ స్కూలు మొదలయింది. ఒక విశేషం చెప్పుకోవాలి: అక్కడ పాఠాలు ఉర్దూలో చెప్పేవారు. నగరంలో రోగి మాట్లాడే భాషలోనే డాక్టరూ చదువుకునే పరిస్థితి కొన్ని దశాబ్దాల పాటు సాగింది. 1880లలో ఇంగ్లీషు వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చాక మళ్ళీ ఉర్దూలో వైద్యవిద్య నడిచింది, 1948 తరువాత మళ్ళీ పోయింది. ఉర్దూ కూడా రానివాడు, పాలమూరు నుంచో నల్లగొండ నుంచో వచ్చిన తెలుగు కూలివాడు, ఈ రెండు దశల్లోనూ డాక్టరు ముందు మూగవాడే. చీటీ మీద ఏం రాశారో ఈనాటికీ మందుల షాపువాడు చెబితే తప్ప తెలియని రోగులున్న నగరంలో ఇది చిన్న విషయం కాదు.

1866లో మొదటి సాలార్‌జంగు కాలంలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి వచ్చింది. ఎడ్వర్డ్ లారీ అనే ఇంగ్లీషు డాక్టరు నాయకత్వంలో 1888లోనూ, లండన్ నుంచి వచ్చిన నిపుణుడితో కలిసి 1889లోనూ ఇక్కడ క్లోరోఫారం కమిషన్లు పనిచేశాయి. రెండవ కమిషన్‌కు నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చాడు. మత్తుమందు ప్రాణం తీసేది గుండెను ఆపా, శ్వాసను ఆపా అని ప్రపంచమంతా వాదించుకుంటున్న రోజులవి. ఆ వాదంలో హైదరాబాదు పేరు వైద్యపత్రికల్లో మోగిపోయింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టాడు. ఆ దోమలకు తన ఒంటి రక్తం ఇచ్చిన రోగి హుసేన్ ఖాన్. కుట్టించుకున్నందుకు దోమకు ఒక అణా చొప్పున ముట్టింది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ఆవిష్కరణ గొప్పతనాన్ని తగ్గించనక్కరలేదు. కాని దాని ఫలం, అంటే కుంటలు పూడ్చడం, దోమలను అదుపు చెయ్యడం, ముందుగా చేరింది బారకులకు, సివిల్ లైన్లకు. బస్తీల్లో చలిజ్వరం చాలాకాలం ఇంటి చుట్టంలాగే వుండిపోయింది.

1908 సెప్టెంబరు 28 మూసీ వరద ఈ నగర చరిత్రను రెండు ముక్కలు చేసింది. పదిహేను వేలమంది చనిపోయి వుంటారని అంచనా. నదిని ఆనుకుని వున్న కోల్సావాడి, ఘాన్సీబజారు, అఫ్జల్‌గంజ్ ప్రాంతాలు కొట్టుకుపోయాయి. ఆసుపత్రి భవనం కూడా పోయింది. ఆ ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో వుంది. నదీగర్భంలో కాపురం వుండేది సరదాకొద్దీ కాదు. నగరంలో అద్దె లేకుండా నిలబడగలిగే నేల అదొక్కటే గనుక, ఎవరూ కోరని నేల గనుక పేదలు అక్కడ చేరారు. వరద పేదలను ఎంచుకుని రాలేదు. పేదలను నగరమే వరద దారిలో కూర్చోబెట్టింది.

మరుసటి సంవత్సరం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహా ఫలితంగా మూసీ మీద గండిపేట దగ్గర ఉస్మాన్‌సాగర్ (1920), ఈసీ మీద హిమాయత్‌సాగర్ (1927) పూర్తయ్యాయి. భూగర్భ మురుగు కాలవల పథకమూ ఆయన ఆలోచనే. భారతదేశంలో అనేక పెద్ద నగరాలు ఇంకా చెరువు నీళ్ళు తాగుతున్న రోజుల్లో ఇది సామాన్యమైన పని కాదు. అయితే కుళాయి అనేది ఇంటికి వస్తుంది. ఇల్లు అంటే ప్రభుత్వ దస్త్రంలో ఇల్లుగా నమోదైనది. గుడిసెకు వచ్చేది వీధి కొళాయి, అదీ వస్తే. నగరం నడిబొడ్డున శుద్ధజలం గొట్టాల్లో ప్రవహిస్తుంటే ఆ గొట్టం పక్కనే బావినీళ్ళు తోడుకుని తాగేవాళ్ళు దశాబ్దాల తరబడి వున్నారు.

1911లో ప్లేగు వచ్చింది. ఎలుకలు చచ్చిన ఇళ్ళను వదిలి జనం పొలాల్లో గుడారాలు వేసుకున్నారు. స్తోమత వున్నవాళ్ళు నగరం బయట తోటల్లోకి వెళ్ళారు. ఈ నేపథ్యంలోనే నగరాభివృద్ధి సంస్థ, అప్పటి పేరు సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు, 1912లో ఏర్పడింది. మురికివాడలను తొలగించడం, రోడ్లు వెడల్పు చెయ్యడం, కొత్త ఇళ్ళు కట్టడం దాని పని. పత్తర్‌గట్టీ వరుస కట్టడాలు, మొజంజాహీ మార్కెట్టు ఆ బోర్డు కట్టినవే. నాంపల్లి మొదలైన చోట్ల ఇరుకు వాడలను తీసేసి గాలి వెలుతురు వచ్చే ఇళ్ళు కట్టింది. ఆనాటి ఇంజనీర్ల చిత్తశుద్ధిని శంకించడం నా ఉద్దేశం కాదు. ఆ ఇళ్ళకు అద్దె వుంది. అద్దె కట్టాలంటే నెలజీతం వుండాలి. చిన్న గుమాస్తాకు, బంట్రోతుకు ఆ ఇల్లు అందింది. రోజుకూలికి అందలేదు. అతను మళ్ళీ మూసీ ఒడ్డుకో, మరో నాలా పక్కకో జరిగాడు. ప్లేగు ఎలుకను వెతుక్కుంటూ వస్తుంది, ఎలుక ఇరుకును వెతుక్కుంటుంది. ఇరుకు ఒకచోట నుంచి మరొకచోటికి కదిలింది.

జనాభా లెక్కలు చూస్తే ఆ దశాబ్దం ఎంత భయంకరమైనదో తెలుస్తుంది. 1911లో నగర జనాభా అయిదు లక్షలు. 1921లో నాలుగు లక్షల చిల్లర. మళ్ళీ మళ్ళీ వచ్చిన ప్లేగు, 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా, భయంతో జనం వెళ్ళిపోవడం – అన్నీ కలిసి ఒక మహానగరాన్ని పదేళ్ళలో లక్షమంది మేర తగ్గించాయి. ఆ రోజుల్లో దిక్కులేని శవాలను ఎత్తడానికి, రోగుల గుడిసెల్లో అడుగుపెట్టడానికి ముందుకొచ్చినవాళ్ళలో భాగ్యరెడ్డి వర్మ వెంట నడిచిన ఆది హిందూ యువకులు వున్నారు. ఊరికి అంటరానివాళ్ళు అనిపించుకున్నవాళ్ళే అంటురోగుల్ని ముట్టుకున్నారు. మన వైద్యచరిత్రలు రాసినవాళ్ళు డాక్టర్ల పేర్లూ, దివాన్ల పేర్లూ జాగ్రత్తగా రాశారు. ఈ పని మాత్రం సంఘ సంస్కరణ చరిత్రలో ఒక మూల మిగిలింది.

అదే కాలంలో అంటురోగులను వేరుగా వుంచే ఆసుపత్రి వచ్చింది. నల్లకుంటలో స్థిరపడిన ఆ ఆసుపత్రికి తరువాత రొనాల్డ్ రాస్ పేరు పెట్టారు, ఫీవర్ హాస్పిటల్ అన్నారు. జనం మాత్రం కోరంటి దవాఖానా అన్నారు. క్వారంటైన్ అనే మాట బస్తీ నోట నలిగి కోరంటి అయింది. ఒక ఆసుపత్రిని దాని వైద్యంతో కాకుండా దాని నిర్బంధంతో గుర్తుపెట్టుకున్న ఆ పేరులో ఎంత అనుభవం వుందో చూడండి. మూసీ ఒడ్డున వించెంట్ ఎష్ గీసిన నమూనాతో ఉస్మానియా ఆసుపత్రి 1925 నాటికి సిద్ధమయింది. గుమ్మటాలూ జాలీలూ వున్న ఆ భవనం రాజసంగా వుంటుంది. చికిత్స ఉచితం. లక్షలాది పేదల ప్రాణాలు నిలబెట్టింది. దాన్ని చులకన చేసే హక్కు ఎవరికీ లేదు. కాని నగరమంతటికీ ఒక మహాభవనం, దానికీ బస్తీకీ మధ్య శూన్యం – ఈ నమూనా అప్పుడే స్థిరపడిపోయింది. ఆ శూన్యంలో హకీములున్నారు, మంత్రసానులున్నారు, 1920 నుంచి జిందా తిలిస్మాత్ సీసా వుంది. ఆ సీసాను నవ్వులాటగా తీసుకోకూడదు. కూలి పోకుండా, వరసలో నిలబడకుండా, కొద్దిపాటి డబ్బుకు గుమ్మంలో దొరికిన వైద్యం అది.

నీలోఫర్ ఆసుపత్రి పుట్టుక గురించి ఒక కథ చెబుతారు. రాకుమారి నీలోఫర్ దగ్గర పనిచేసే సేవిక కాన్పులో చనిపోయిందట. సరైన వైద్యం లేక ఇలా జరిగిందని ఆమె చలించి ఆసుపత్రికి పూనుకుందట. 1953లో అది తెరుచుకుంది. కథ మానవీయమైనదే. అయితే అప్పటికి నగరంలో అలా చనిపోయిన తల్లుల సంఖ్య ఎవరి లెక్కలోనూ లేదు. అంతఃపురం కంట పడ్డ ఒక్క చావు ఆసుపత్రి అయింది.

1930ల తరువాత నగరానికి పరిశ్రమలు వచ్చాయి. ఆజమాబాదు, తరువాత సనత్‌నగర్, బాలానగర్. 1951కి జనాభా పది లక్షలు దాటింది, 1956లో ఆంధ్రప్రదేశ్ రాజధాని కావడంతో పెరుగుదలకు అడ్డులేకపోయింది. 1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టం ఫ్యాక్టరీ కార్మికుడికి జబ్బు పడ్డ రోజుల్లో కొంత వేతనాన్నీ వైద్యాన్నీ హక్కుగా ఇచ్చింది. కార్మికోద్యమం సాధించుకున్న విజయాల్లో అది ఒకటి. గేటు లోపల వున్నవాడికి హక్కు, గేటు బయటవాడికి దయ. రిక్షా తొక్కేవాడు, బీడీ చుట్టే ఆమె, భవనాలకు ఇటుకలు మోసే పాలమూరు కూలీ గేటు బయటనే వుండిపోయారు. వాళ్ళే నగరంలో ఎక్కువమంది.

క్షయ సంగతి ఇక్కడ కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే నగర పేదవాడి అసలు జబ్బు అది. ఒకప్పుడు క్షయ రోగిని వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల మీది శానటోరియానికి పంపేవారు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి. ఈ మూడూ బస్తీలో లేవు గనుకనే అతనికి జబ్బు వచ్చింది. మందు గాలిలో కాదు, స్ట్రెప్టోమైసిన్, ఐసోనయజిడ్‌లలో వుందని తేలాక మద్రాసులో ఒక పరిశోధన జరిగింది. నగరంలోని పేద రోగులనే తీసుకుని సగంమందిని శానటోరియంలో, సగంమందిని వాళ్ళ ఇరుకు ఇళ్ళలోనే వుంచి ఒకే మందులు ఇచ్చారు. 1959లో ప్రకటించిన ఫలితాలు ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచాయి. ఇంట్లో వుండి మందు వాడినవాళ్ళకు కూడా దాదాపు అంతే బాగా నయమయింది, ఇంట్లో మిగిలినవాళ్ళకు అదనంగా జబ్బు అంటలేదు. పేదవాణ్ణి తన వాడ నుంచి పెరికి తీసుకుపోకుండానే నయం చెయ్యవచ్చని, మందే అతని దగ్గరకు నడిచిపోవాలని అది రుజువు చేసింది. 1962లో జాతీయ క్షయ నివారణ కార్యక్రమం ఈ పునాది మీదనే మొదలయింది. ఆచరణలో జరిగింది మరొకటి. శానటోరియం తిండి పోయింది, ఇంటికి మందు రాలేదు. మద్రాసులో పరిశోధకులు రోగి ఇంటికి వెళ్ళి మాత్రలు లెక్కపెట్టారు. మన నగరాల్లో రోగి ఒక పూట కూలి పోగొట్టుకుని మాత్రల కోసం వెళ్ళవలసి వచ్చింది. రెండు నెలలకు దగ్గు తగ్గగానే మానేశాడు. మానేసినందుకు అతని అజ్ఞానాన్ని నిందించారు.

మందుల విషయంలో ఈ నగరానికి మరొక చరిత్ర వుంది. సోవియట్ సహాయంతో 1961లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. బాలానగర్‌లో సింథటిక్ మందుల కర్మాగారం పెట్టింది. విదేశీ కంపెనీల గుత్తాధిపత్యాన్ని దెబ్బతీసి మందుల ధర దించడంలో దాని పాత్ర పెద్దది. ఈనాడు హైదరాబాదును మందుల రాజధాని అని గొప్పగా చెప్పుకునే ప్రైవేటు కంపెనీల తొలితరం రసాయన నిపుణుల్లో చాలామంది అక్కడ పని నేర్చినవాళ్ళే. 1990లలో ఆ సంస్థను ఖాయిలా పడనిచ్చారు. మందులు తయారుచేసే నగరంలోనే ప్రభుత్వాసుపత్రి రోగి చేతికి 'బయట కొనుక్కో' అనే చీటీ వచ్చింది.

స్వాతంత్ర్యం తరువాత ఒక విచిత్రం జరిగింది. 1946 నాటి భోర్ కమిటీ సిఫార్సుల మీద 1952 నుంచి పల్లెల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు తెరవడం మొదలుపెట్టారు. అవి ఎలా పనిచేశాయన్నది వేరే సంగతి, కనీసం కాగితం మీద ఇంత జనాభాకు ఒక కేంద్రం అనే లెక్క వుంది. నగరంలో పెద్దాసుపత్రులున్నాయి గదా అని ఆ లెక్క కూడా వెయ్యలేదు. 1967లో హైదరాబాదు మునిసిపల్ కార్పొరేషన్ ప్రారంభించిన పట్టణ సమాజాభివృద్ధి పథకం బస్తీల్లో బాలవాడీలు నడిపి, తరువాత ఇళ్ళు కట్టుకోవడానికి సాయపడి దేశమంతా పేరు తెచ్చుకుంది. 1982లో కృష్ణన్ కమిటీ మురికివాడల్లో ఆరోగ్య కేంద్రాలు పెట్టాలని చెప్పింది. 1990లలో ప్రపంచబ్యాంకు అప్పుతో కొన్ని వచ్చాయి. దాని పేరు జనాభా ప్రాజెక్టు! పేదవాడి బస్తీకి ప్రభుత్వ వైద్యం చివరకు ఏ పేరుతో వచ్చిందో గమనించాలి: అతను ఎక్కువమంది పిల్లల్ని కంటున్నాడన్న భయంతో వచ్చింది. పట్టణ ఆరోగ్యానికి జాతీయస్థాయిలో ఒక ప్రత్యేక మిషన్ ఏర్పడేసరికి 2013 అయింది. 2011 లెక్కల్లో ఈ నగర జనాభా 67 లక్షలకు పైనే.

ఈలోగా కార్పొరేట్ ఆసుపత్రి వచ్చింది. 1988లో జూబ్లీహిల్స్‌లో అపోలో తెరుచుకుంది, దాని వెనుక మరికొన్ని. 2007లో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఆరోగ్యశ్రీ తెచ్చింది. గుండె ఆపరేషన్ కోసం ఆ గాజు తలుపులు దాటిన కూలివాడి బిడ్డను చూసినవాళ్ళెవరూ ఆ పథకాన్ని తేలిగ్గా తిట్టలేరు, నేనూ తిట్టను. ప్రాణం ప్రాణమే. కాని కార్డు పనిచేసేది మంచం ఎక్కాక. జ్వరానికి, విరేచనాలకు, బి.పి. మాత్రకు, నెలల తరబడి దగ్గుకు కార్డు లేదు. చిన్న జబ్బును ముదరనిచ్చి, ముదిరిన జబ్బుకు ప్రైవేటువాడికి ప్రభుత్వ ధనం కట్టే ఏర్పాటు ఇది. అదే డబ్బు ఉస్మానియా పైకప్పు మీద పెట్టలేదు. 2020 జూలైలో వాన నీళ్ళు ఆ ఆసుపత్రి వార్డుల్లో మంచాల కింద నిలిచాయి, పాత భవనాన్ని మూసేశారు. కొత్త భవనానికి గోషామహల్‌లో శంకుస్థాపన జరిగేసరికి 2025 వచ్చింది. ఆ 2020లోనే గాంధీ ఆసుపత్రిని పూర్తిగా కోవిడ్‌కు కేటాయించినప్పుడు నెలల తరబడి మిగతా పేద రోగులు ఇంకో దవాఖానా వెతుక్కున్నారు. అంటురోగం వచ్చినప్పుడు మిగతా రోగాలు వరసలోంచి తప్పుకోవాలన్నది 1911 నుంచీ వున్న రివాజే.

నీళ్ళ సంగతీ అంతే. 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో కలుషితమైన కొళాయి నీళ్ళు తాగి పలువురు చనిపోయారు, వందలమంది మంచాన పడ్డారు. ఈసారి గొట్టం బస్తీ దాకా వచ్చింది, మురుగు కాలవతో కలిసి వచ్చింది. 2024లో మూసీ పునరుజ్జీవనం పేరిట చాదర్‌ఘాట్ పరిసరాల్లో నది ఒడ్డు ఇళ్ళ గోడల మీద ఎర్రరంగుతో గుర్తులు వేశారు. వాళ్ళకు ఎక్కడెక్కడో రెండు గదుల ఇళ్ళు చూపించారు. ఇల్లు మారినవాళ్ళు పనికి, బడికి, అలవాటైన దవాఖానాకు ఎంత దూరమయ్యారన్నది నది వెడల్పు కొలిచినంత శ్రద్ధగా కొలవవలసిన విషయం.

2018 ఏప్రిల్‌లో బస్తీ దవాఖానాలు మొదలయ్యాయి. ఢిల్లీ మొహల్లా క్లినిక్కుల నమూనా అది. ఒక డాక్టరు, ఒక నర్సు, ఉచితంగా మందులు, రక్తపరీక్షలు. నూట డెబ్బై ఏళ్ళ ఈ చరిత్రలో వైద్యం పేదవాడి గుమ్మం దాకా నడిచి వచ్చిన సందర్భాల్లో ఇది చెప్పుకోదగినది, దాన్ని కాపాడుకోవాలి. దాని వేళలు ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా. కూలీల అడ్డా మీద మేస్త్రీ మనుషుల్ని ఎంచుకుపోయే వేళకు దవాఖానా ఇంకా తెరవదు. సెంట్రింగు పని ముగించుకుని, సిమెంటు కడుక్కుని, రెండు బస్సులు మారి బస్తీకి చేరేసరికి మూసివుంటుంది. అప్పటికి తెరిచి వుండేది ఆర్.ఎం.పి. డాక్టరు గది. అతను సూది వేస్తాడు, మాటలాడతాడు, డబ్బు రేపిచ్చినా ఫరవాలేదంటాడు, పొద్దున్నే పనిలోకి వెళ్ళొచ్చని చెబుతాడు.